రెండో వైపు

ఆదివారం ఆబిడ్స్‌ల,
షట్టర్ దించిన బట్టల దుకాణం ముంగట
పాత గైడ్లు, అట్లాసుల నడుమ దొరికింది.
ఖుద్దూస్ భాయ్ మూడు వందలన్నడు.
గీత ఉన్నది గద భాయ్ అంటే
గీత లేని మనిషిని చూపెట్టు, ఊరికే ఇస్త అన్నడు.
రెండొందల ఇరవైకి తెగింది బేరం.

అట్ట మీద బురద.
బురదల ఒక్కటే బూటు, బూటుల మొలిచిన గడ్డి.
లోపలి మడతల నలుగురు జుట్టుగాళ్లు
ఎవలో తిట్టి నిలబెట్టినట్టు నిలబడ్డరు.
మూలకు నీలి సిరా:
నోయెల్ పీటర్స్, లాలాగూడ, డిసెంబర్ 71.
సిరా అలుక్కుపోయింది, వానకో, చెమటకో.

ఇంట్ల ప్లేయర్ ఉన్నది, తిరగదు.
బెల్టు మార్చిన. తెగిన వైరుకు టంకం పెట్టిన.
ఈ చేతులే
కంచన్‌బాగ్ గేటు లోపల, భూతద్దం కింద,
ఇరవై రెండేండ్ల సంది టంకం చుక్కలు పెడుతున్నయ్.
బియ్యపు గింజల సగమంత చుక్క.
అది ఏడికి పోతదో కాయితంల రాయరు.
నేనూ అడగలే.
జీతం ఒకటో తారీఖే పడ్తది.

మొదటి వైపంతా ఒక పిల్లగాడు.
పాటలు కావు నాన్నా, ఉత్తరాలు, అన్నది హిమజ.
నాకు వాళ్ల ఇంగ్లీషు
నోట్ల గులకరాళ్లు పోసుకొని పాడినట్టుంటది.
తొమ్మిదో క్లాసు పిల్ల, ఆపి ఆపి చెప్పింది:
ఇది రైలు ఎక్కుడు.
ఇది టోపీ పెద్దగై చెవులు మునుగుడు.
ఇది అమ్మకు, ఉన్ని సాక్సులు పంపుమని.
డ్రమ్ములు బూట్ల లెక్క నడిచి నడిచి
ఒక్క కాడ అడుగు తప్పినయ్.
మళ్ల కలవలే.

ఆరో ఉత్తరం కాడ సూది ఎగిరింది.
ఇంటికొస్త, ఇంటికొస్త, ఇంటికొస్త.
అన్నం ముంగట కూసున్న సువర్ణ
ఎవలన్న జెర ఆ పిలగాన్ని రానియ్యుండ్రి అన్నది.
గోటితోని తట్టిన.
సూది దుంకి ఏడో ఉత్తరంల పడ్డది.
ఎప్పుడొస్తనన్నడో తెల్వకుంటనే
వాడు బురదల పండుకున్నడు.

రికార్డు దానంతట అది తిరగబడదు.
కుర్చీల నుంచి లేవాలె,
అంచులు పట్టి, పొట్ట తాకకుంట,
నీ చేతితోని నువ్వే తిప్పాలె.
ఛాయ్ తాగి లేద్దామనుకున్న.
గంట కూసున్న.

తిప్పినంక హిమజ నొసలు ముడిచింది.
నాన్నా, ఇది గదే పాట.
రైలు గదే, టోపీ గదే.
పేరొక్కటే వేరు. వీడు అవతలోడు.
సాక్సులు గూడ అడిగిండు.
ఆరో ఉత్తరం వచ్చేసరికి నేను ఊపిరి బిగబట్టిన.
ఈ వైపు గీత లేదు.
సూది మెత్తగ నడిచింది:
ఇంటికొస్త,
ఆపిల్ పండ్లు రాలక ముందే.

సువర్ణ చెయ్యి కడుక్కునుడు మరిచింది.
దోస్తు పోగొట్టుకున్న మాట
దుష్మన్ జేబుల దొరికింది.

ఆఖరుకు పాట లేదు.
ఉత్త పళ్లెం తిరిగే చప్పుడు,
వానొచ్చే ముందు రేకుల మీద ఇసుక రాలినట్టు.
హిమజ అట్టను ముక్కు కాడ పెట్టుకొని
నోయెల్ ఇది పూర్తిగ విన్నడంటవా అన్నది.
తిప్పిండో లేదో, నాకేం తెల్సు.
పైనుంచి హకీంపేట జహాజొకటి పోతే
కిటికీ అద్దం కొద్దిగ మోగింది.

సోమవారం బస్సు, గేటు, బిళ్ల, తెల్లకోటు.
భూతద్దం కింద మొదటి చుక్క పెట్టిన.
చెయ్యి వణకలే. గదే సిగ్గయ్యింది.
నూట పద్నాలుగో బోర్డు చేతుల పట్టుకొని,
ఎన్నడు లేంది,
వెనకకు తిప్పి చూసిన.

గోవర్ధన్ సార్ వచ్చి నిలబడ్డడు.
ఏం వెతుకుతున్నవయ్యా?

గీత, అన్న.
ఉన్నదేమోనని.